ఆ కప్పు ఇంటికి వెళ్ళేదాకా

మా వైపు ఎవరైనా ఏదైనా ఇచ్చారంటే ఆ సంగతి మైకులో చెప్పాల్సిందే. చెప్పకపోతే ఇచ్చినట్టే కాదు. గుడిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయిస్తారు, తిరిగేటప్పుడు ఎవరూ చదవలేరని తెలిసి కూడా. బస్సు కోసం కూర్చునే సిమెంటు బల్ల మీద పేరు ఉంటుంది. మనం కూర్చునేది సరిగ్గా ఆ పేరు మీదే. మా బడిలో నీళ్ళ ట్యాంకు మీద, బీరువా తలుపు మీద, ఆఖరికి గంట కొట్టే ఇనప ముక్క మీద కూడా తెల్ల రంగుతో ఎవరిదో ఒకరి పేరుంది.

ఈ ఊరి హైస్కూలుకి తెలుగు టీచరుగా వచ్చిన కొత్తలో ఇదంతా చూసి నవ్వుకునేదాన్ని. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పేర్లన్నీ మైకులో చదివే గొంతు నాదే అయింది. ఏ సభ పెట్టినా "మేడం ఉన్నారుగా" అని నా చేతికిచ్చేవారు. నాకూ మైకంటే మోజే. ఇంట్లో నా మాట ఐదు నిమిషాలు ఓపిగ్గా వినేవాళ్ళు లేరు. బడి వార్షికోత్సవంలో ఊరు ఊరంతా కుర్చీలేసుకుని వింటుంది. ఈ బలహీనత ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

పోయిన ఏప్రిల్లో మా హెడ్మాస్టరు గారు పిలిచి, జనవరి నుంచి బడిలో జరిగిన విశేషాలు ఒక పేజీ రాసివ్వమన్నారు. "కళలు, క్రీడలు, సేవ అని మూడు భాగాలు చేయండి మేడం. మంచి మాటలు పడాలి" అన్నారు. మంచి మాటలు నాకు కొదవా? మొదటి రెండూ అరగంటలో రాసేశాను. మూడోదాని కింద ఒక్క వాక్యం కూడా రాయకుండా ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని "సేవ ఏదండీ?" అన్నారు. "రాయకూడదండి" అన్నాను. అర్థమైందో లేదో, ఇంకేం అడగలేదు. ఆ ఖాళీ సంగతే ఇది.

కళలతో మొదలుపెడతాను. జనవరి నెలాఖరులో చిన్న తరగతులకి బొమ్మల పోటీ పెట్టాం. "మా ఊరు" గీయమన్నాం. రంగుల పెట్టెలు కొత్తవి తెప్పించి తలా ఒకటి ఇస్తే గంటలో అందరి ఎరుపూ అరిగిపోయింది. పక్క గదుల్లోకి పరిగెత్తి ఎరుపు అప్పడిగారు. నీలం మాత్రం దాదాపు అన్ని పెట్టెల్లోనూ కొత్తదానిలా మిగిలింది. ఆ నెలల్లో మా ఊరంటే అంతే మరి. పొలాల్లో పత్తి తీసేసి మోడులు మిగులుతాయి. మిరపకాయలు కోసి, ఎండబెట్టే చదునైన జాగాల్లో పరుస్తారు. వాటిని కల్లాలంటాం. ఊరికి నాలుగు వైపులా కల్లాలే, ఎటు చూసినా ఎరుపే.

ఆరో తరగతి పిల్ల ఒకతె తన కల్లం పక్కన చిన్న నీలం ముక్క గీసింది. అదేంటమ్మా అంటే, "వానొస్తే కప్పే పట్టా టీచర్" అంది. జనవరిలో వానేంటే అన్నాను. "వస్తే?" అంది. ఆ ప్రశ్నకే మొదటి బహుమతి ఇచ్చాను. నాకు తోడు జడ్జిగా కూర్చున్న పీఈటీ మాస్టారికి బొమ్మల గొడవ పట్టదు, సరేనన్నాడు.

ఆయనకి పట్టేది ఖో-ఖో. మా ఆడపిల్లల జట్టు కెప్టెను పదో తరగతి. సన్నగా, పొడుగు చేతులతో ఉంటుంది. పాఠం అడిగితే ఒక్క ముక్కలో చెప్పి కూర్చుంటుంది. మైదానంలో మాత్రం ఎవరూ పట్టలేరు. వాళ్ళ నాన్న కాలవ పక్కన రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. ఆదివారాలు తను కూడా కోతకి వెళ్ళేది, వాళ్ళ పొలానికీ, జట్టులో పిల్లల పొలాలకీ.

ఆ ఏడు పోటీలు మార్టూరు వైపు ఒక బడిలో పెట్టారు. రాళ్ళు కోసే మిషన్ల దగ్గరి నుంచి వచ్చిన తెల్లటి పొడి మైదానం గట్ల మీద సన్నగా పేరుకుని ఉంది. మా నల్లరేగడి కాళ్ళకి ఆ నేల కొత్త. ఫైనల్లో అవతలి జట్టు పిల్ల ఒకతె తప్పించుకోబోతుంటే మా కెప్టెన్ చేయి చాచి ముట్టుకుంది. చేయి చెంప మీద తగిలింది. ఆ పిల్ల అవుటయి బయటకు వెళ్తూనే కళ్ళు నులుముకుంటూ ఏడుపు మొదలుపెట్టింది. వాళ్ళ టీచరు రయ్యిన లేచి, మావాళ్ళు చేతికి ఏదో రాసుకొచ్చారని గొడవ. రిఫరీ మా కెప్టెన్ అరచేయి పట్టుకుని వాసన చూశాడు. చూసి ఒక్క తుమ్ము తుమ్మాడు.

"నిన్న కోతకెళ్ళావా?" అన్నాడు.

"ఆదివారం కదండి" అంది మా పిల్ల.

ఆయనది వినుకొండ వైపు పల్లెటూరంట. నవ్వేసి, "రాసుకోవడం కాదమ్మా, వీళ్ళ చేతులే అంత. రెండు రోజులు పోదు" అని వాళ్ళ టీచరుకి నచ్చజెప్పాడు. మా కెప్టెన్ తన పెరుగన్నం డబ్బా తెరిచి, పైన తేరిన పెరుగు తీసి ముందు ఆ పిల్ల చెంపకి రాసింది. తర్వాత తన చేతులకి పూసుకుని, టీషర్టు అంచుకి తుడుచుకుని ఆటకి దిగింది. గెలిచాం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ కప్పు మీద చేయి వేసుకోని పిల్ల లేదు.

మా బడిలో ఒక ఆనవాయితీ ఉంది. గెలిచిన కప్పుని వార్షికోత్సవంలో స్టేజీ మీద కెప్టెను చేతికిస్తారు. ఆ సాయంత్రం కప్పు కెప్టెను ఇంటికి వెళ్తుంది. ఇంటిల్లిపాదీ చూసుకుంటారు, చుట్టుపక్కల వాళ్ళూ వచ్చి చూస్తారు. మర్నాడు తెచ్చి బీరువాలో పెట్టాలి. ఈ ఒక్క రోజు కోసం పిల్లలు ఏడాదంతా మోకాళ్ళు చెక్కుకుంటారంటే అతిశయోక్తి కాదు. ఆడపిల్లల జట్టు గెలిచి చాలాకాలమైంది. వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు మా బడిలోనే కబడ్డీ ఆడాడని, కప్పు ఎప్పుడూ రాలేదని, వస్తే టీవీ పక్కన పెట్టడానికి జాగా కూడా చూసి పెట్టాడని పీఈటీ మాస్టారు చెప్పాడు.

వార్షికోత్సవానికి పది రోజులుందనగా వాన వచ్చింది. ఆ ఆరో తరగతి పిల్ల అడిగిన వానే. మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. బడి వదలకముందే పిల్లలంతా సంచులు వదిలేసి కల్లాలకి పరిగెత్తారు. మేం ఆపలేదు. పట్టాలు చాలినన్ని ఉన్నవాళ్ళు గట్టెక్కారు. మా కెప్టెన్ వాళ్ళ కల్లం కాలవ పక్కన పల్లంలో ఉంది. పైన కప్పుకున్నా కింది నుంచి నీళ్ళు వచ్చాయి. పంటలో సగం దాకా తడిసిపోయింది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారు, "మేడం, ఈసారి వార్షికోత్సవంలో సేవ కింద చెప్పుకోవడానికి ఏమీ లేదండి" అన్నారు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నిజం చెప్పాలి కదా, ముందు ఆ ఖాళీ గుర్తొచ్చి, ఆ తర్వాతే ఆ పిల్ల గుర్తొచ్చింది. పాపం అనిపించలేదని కాదు. అనిపించింది. కానీ వరస అది.

వాన దెబ్బ తిన్నవాళ్ళకి తలా కొంత తెమ్మని పిల్లలకి చెప్పగానే నాలుగు రోజుల్లో బియ్యం ఒక బస్తా అయింది, రెండు కొత్త పట్టాలు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి. ఎవరి కోసమో చెప్పలేదు. స్టేజీ మీద చెబుదామనుకున్నాను. మా కెప్టెన్ కూడా ఇంటి నుంచి ఒక గ్లాసుడు బియ్యం తెచ్చి బస్తాలో పోసింది. ఆ గ్లాసు ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోదు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం ఊరంతా వచ్చింది. ముందు వరసలో పెద్దలు. అందులో మా కెప్టెన్ వాళ్ళకి కౌలుకిచ్చిన పొలం ఆసామి కూడా ఉన్నాడు. నేను పట్టుకున్న మైకు సెట్టు బడికి ఇచ్చింది ఆయనే. అలవాటు ప్రకారం ముందు ఆయన పేరు చదివాను. పాటలయ్యాయి, కోలాటం అయింది. మా కెప్టెన్ వచ్చి కప్పు అందుకుంది. ఈలలు, చప్పట్లు. మగవాళ్ళ గుంపులో వెనకాల నిలబడ్డ వాళ్ళ నాన్న రెండు చేతులూ పైకెత్తి కొట్టాడు. పిల్ల కప్పు గుండెకి ఆనించుకుని మెట్ల వైపు నడిచింది.

"ఆగమ్మా, అక్కడే ఉండు" అన్నాను మైకులో.

ఆగింది. నేను మొదలుపెట్టాను. అకాల వర్షానికి పంటంతా పోయి, కోలుకోలేని దెబ్బ తిని, ఏం చేయాలో పాలుపోని స్థితిలో ఉన్న ఒక నిరుపేద కౌలు రైతు కుటుంబం అన్నాను. ఆ కుటుంబం మన కెప్టెనుదే అన్నాను. గొంతు కూడా కొంచెం వణికించాను. సందర్భానికి తగ్గట్టు వణికించడం నాకు చేతనవును. బియ్యం బస్తా తెచ్చి బల్ల పక్కన పెట్టారు, దాని మీద పట్టాలు, దుప్పట్లు.

పిల్ల నా వైపు చూసింది. చేతిలో కప్పుని చూసుకుంది. దాన్ని బల్ల మీద, దుప్పట్ల పక్కన పెట్టేసి స్టేజీ వెనక వైపు దిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడైతే నేను నోరు మూసుకునేదాన్ని. అప్పుడు, "పాప సిగ్గుపడుతోంది, గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నాను. జనం కొట్టారు. వెనకాల చూస్తే వాళ్ళ నాన్న నిలబడ్డ చోట లేడు. ఆ వీడియో అన్నాలు తినే వేళకి ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. కింద దండాలు పెట్టే బొమ్మలు, నాకు మెచ్చుకోళ్ళు.

మర్నాడు పిల్ల బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పబ్లిక్ పరీక్షలకి నెల కూడా లేదు. నాలుగో రోజు పీఈటీ మాస్టారు స్టాఫ్ రూములోకి వచ్చి, నా వైపు చూడకుండా, "ఇక రానంటుందంట. వాళ్ళమ్మతో కోతలకి పోతానంటుందంట" అన్నాడు. నాకు ముందు కోపమే వచ్చింది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. ఆ కోపంతోనే స్కూటీ తీసి కల్లానికి వెళ్ళాను.

వాళ్ళు ముగ్గురూ కాయలేరుతున్నారు. తడిసిన మిరపకాయలు ఎండేసరికి కొన్ని రంగు పోయి తెల్లబడతాయి. వాటిని తాలు అంటారు. ఒక్కొక్కటీ చేత్తో ఏరి వేరు చేయాలి, లేకపోతే మొత్తం కుప్పకి తాలు ధరే. అంత పెద్ద కల్లంలో ముగ్గురు మనుషులు. ఒక మూల అప్పటికే బూజు వాసన వస్తోంది.

"రండి మేడంగారూ" అని వాళ్ళ నాన్న లేచి, గోతం మడత పెట్టి వేశాడు. కూర్చున్నాను. తిడతాడనుకుని సిద్ధపడి వెళ్ళాను. తిట్టినా బాగుండేది.

"మీరు మంచికే చేశారండి. నేను కాదనను" అన్నాడు. "వాన పడిన మాట నిజమే. సగం పోయిన మాటా నిజమే. నాకిది కొత్త కాదు. కానీ మీరు కోలుకోలేడని మైకులో చెప్పేశారు కదండీ. ముందు వరసలో మా ఆసామి కూర్చున్నాడు. ఉగాదికి వెళ్ళి పొలం మళ్ళీ నాకే ఇమ్మని అడగాలి. కోలుకోలేని వాడికి పొలం ఎవరిస్తారండి? నిన్న అరువుకి పురుగుమందులిచ్చే కొట్టు దగ్గర కూడా అదోలా చూశారు."

నాకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, కౌలుకి చేసేవాడికి పంట కంటే ముందు మాట నిలబడాలన్న సంగతి నాకు తెలియదు. పాఠం చెప్పేటప్పుడు రైతు కష్టం మీద గంటసేపు మాట్లాడగలను.

పిల్ల తలెత్తలేదు. "బడికి రావే, పరీక్షలున్నాయి. కప్పు నీ కోసం బీరువాలో పెట్టాను" అన్నాను.

"మీ దగ్గరే ఉంచండి టీచర్" అంది. అంతే.

మర్నాడు సాయంత్రం మైదానంలో జట్టు పిల్లల్ని కూర్చోబెట్టి తప్పు నాదేనని చెప్పాను. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. మాటలు తడబడ్డాయి. వాళ్ళలో ఒక మొండి పిల్ల ఉంది, క్లాసులో దాని నోటికి నేను చాలాసార్లు బయట నిలబెట్టాను. అది అంది: "మీరు మాకు ముందు చెప్పుంటే ఇలా కాకపోను టీచర్. మేం బదులుకి వెళ్ళేవాళ్ళం."

బదులంటే ఇక్కడ కూలి లేకుండా చేసే పని. ఇవాళ నువ్వు మా చేలోకి ఒక రోజు వస్తే, రేపు నీ చేలోకి నేను ఒక రోజు వస్తాను. రోజుకి రోజు. ఇచ్చేవాళ్ళు ఎక్కువా కాదు, పుచ్చుకునేవాళ్ళు తక్కువా కాదు. ఊళ్ళో అందరికీ తెలిసిన ఈ పద్ధతి నాకూ తెలుసు. కానీ దానికి మైకు అక్కర్లేదు కాబట్టి నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే జట్టంతా కల్లానికి వెళ్ళాం. ఇద్దరు ముగ్గురి అమ్మలు కూడా వచ్చారు. మా కెప్టెన్ చేతులు నడుము మీద పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఎందుకొచ్చారే?"

"బదులుకే. మా కాయ వచ్చే ఆదివారం కోస్తున్నాం. నువ్వు రావాలి" అంది మొండి పిల్ల.

"మా కల్లం ఆ పై వారం" అంది ఇంకోతె.

మా కెప్టెన్ ఒక్కొక్కళ్ళనీ చూసింది. వచ్చే వారాలు మనసులో సర్దుకుంది. "సరే, వస్తా. రండి" అంది. అందరూ లోపలికి నడిచారు. నేను మిగిలాను.

"మీకు కల్లం లేదు కదా టీచర్. మీ రోజుకి నేనేం చేయను?" అంది.

ఏమీ వద్దమ్మా అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట మింగినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను. "పరీక్షలయ్యాక ఏడాదికి సరిపడా కారానికి కాయలు కొంటాను. ముచ్చికలు తీయాలి" అన్నాను. మిరపకాయకి పైన ఉండే తొడిమనే ముచ్చిక అంటాం. అవి తీయకుండా కారం పట్టిస్తే రంగు రాదు.

ఆలోచించింది. "సరేనండి. ఒక రోజు" అని దారి ఇచ్చింది.

నేను ఏరినంతసేపూ పక్కనున్న మొండి పిల్ల నా కుప్పని మళ్ళీ ఏరుకోవాల్సి వచ్చింది. మంచికాయ తాలులో వేస్తున్నానంట. "టీచర్, మీకు ఇందులో పదికి మూడు మార్కులు" అంది. నడుం పట్టేసింది. గంటకే వేళ్ళు భగభగ మండాయి. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి కల్లంలో కుప్పలు రెండుగా విడిపోవడం కంటికి కనిపించింది.

పదకొండింటప్పుడు ఆసామి బండి మీద అటుగా వచ్చాడు. ఆపి, కాలు నేల మీద పెట్టి చూశాడు.

"ఏంటి, జనం బాగానే దిగారే" అన్నాడు.

"బదులుకొచ్చారండీ" అన్నాడు మా కెప్టెన్ వాళ్ళ నాన్న. మొన్న నాతో మాట్లాడిన గొంతు కాదది.

ఆసామి నా వైపు చూశాడు. "మేడంగారు కూడానా?"

"నేనూ బదులుకేనండి. ఏప్రిల్లో మా ఇంటికి రావాలి వీళ్ళమ్మాయి" అన్నాను. ఆయన నవ్వాడు. బండి దిగి వచ్చి, కుప్పలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజ గలగలమంటే ఎండినట్టు. "పర్లేదు, నిలబడింది" అని కాయ కుప్పలోకి వేసి వెళ్ళిపోయాడు. బదులుకి పదిమంది వచ్చారంటే ఆ మనిషి తిరిగి చేయగలడని పదిమంది నమ్మినట్టు. అది ఆసామికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

సోమవారం పిల్ల బడికి వచ్చింది. తన బెంచీలో తను కూర్చుంది. నేను ఉండబట్టలేక సాయంత్రమే బీరువా తెరిచి కప్పు తీశాను. "తర్వాత తీసుకుంటానండి" అంది. పరీక్షలకి ముందు మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. ఇంకా కోపం పోలేదనుకున్నాను. పోకపోవడమే న్యాయం అని కూడా అనుకున్నాను, కానీ బాధగానే ఉండేది. బీరువా తెరిచినప్పుడల్లా ఆ కప్పు కనిపించేది.

బస్తా బియ్యం, దుప్పట్లు సింగరాయకొండ వైపు ఉన్న ఒక ముసలివాళ్ళ ఆశ్రమానికి పంపాం. తీసుకెళ్ళి దింపి వచ్చాం, అంతే. పట్టాలు బడిలోనే ఉంచాం. మబ్బు పడితే ఎవరి కల్లానికైనా వెళ్ళేట్టు, తెచ్చి మడతపెట్టేట్టు. వాటి మీద ఎవరి పేరూ రాయలేదు.

పరీక్షలయ్యాయి. ఆదివారాల్లో, పరీక్షల మధ్య సెలవుల్లో మా కెప్టెన్ ఒక్కొక్కళ్ళ కల్లానికీ వెళ్ళి తన రోజులు తీర్చుకుంటూ వచ్చిందని పీఈటీ మాస్టారు చెప్పాడు. బడి పేరు చెక్కించడానికి కప్పుని గుంటూరు తీసుకెళ్ళి తెచ్చాను. సెలవులిచ్చేశారు కాబట్టి మా ఇంట్లోనే ఉంది.

ఏప్రిల్ నెలాఖరులో ఒకరోజు పొద్దున ఏడింటికి గేటు చప్పుడైంది. చూస్తే సైకిల్ స్టాండు వేస్తోంది. చేతిలో చిన్న కొబ్బరినూనె సీసా.

"కాయలు కొన్నారా టీచర్?" అంది.

కొన్నాను, డాబా మీద ఎండబోశాను. ఇద్దరం పైకెళ్ళి కూర్చున్నాం. నాకు చేతులకి నూనె రాయించింది. "కళ్ళు ముట్టుకోకండి" అని చెప్పింది, నేను చిన్నపిల్లనైనట్టు. తను నాలుగు తీసేలోపు నేను ఒకటి తీసేదాన్ని. క్లాసులో నోరు విప్పని పిల్ల ఆ రోజు పొద్దుటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. ఏ కాయ ఏ నేలలో వస్తుందో చెప్పింది. పరీక్షలో లెక్కల పేపరు ఎలా వచ్చిందో చెప్పింది. ఫైనల్లో చెంప మండిన పిల్ల ఇప్పుడు తన స్నేహితురాలంట, ఇద్దరూ ఒకే జూనియర్ కాలేజీలో చేరదామనుకుంటున్నారంట. మధ్యలో, చేతి పని ఆపకుండానే, "ఉగాదికి పొలం మళ్ళీ మాకే ఇచ్చాడండి ఆసామి" అంది. నేను చేతిలో కాయ అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆ మాట కోసం ఎన్ని వారాలు ఎదురుచూశానో ఆ పిల్లకి తెలియదు.

భోజనం పెడతానంటే బదులుకి వచ్చినవాళ్ళకి పెట్టడం మామూలేగా అని తినింది. మూడింటికి కాయలన్నీ అయిపోయాయి. ముచ్చికలు చేటలోకి ఎత్తి, డాబా ఊడ్చి, కిందికొచ్చింది. మజ్జిగ అడిగి చేతులకి పోసుకుంది. సబ్బుతో కడుక్కుంది. అరచేతులు వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంది.

"ఇక మనం చెల్లుకి చెల్లు టీచర్" అంది.

"చెల్లుకి చెల్లు" అన్నాను.

చున్నీతో చేతులు బాగా తుడుచుకుంది. వేలి సందులు కూడా తుడుచుకుంది. తర్వాత నా ముందు నిలబడి, స్టేజీ మీద నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, "ఇప్పుడు కప్పు ఇవ్వండి. మా నాన్నకి చూపించి రేపు తెచ్చిస్తాను" అంది.

అప్పటికి అర్థమైంది నాకు. కోపం కాదు. ఆ కప్పు ఆ రోజు దుప్పట్ల పక్కన ఉండిపోయింది. నాకు ఇవ్వాల్సింది ఏదో మిగిలుండగా దాన్ని ముట్టుకుంటే, అది కూడా వాటితోపాటు ఇచ్చినట్టే అవుతుంది. అందుకని అందరి రోజులూ తీర్చి, ఆఖరున నా రోజు తీర్చి, చేతులు కడుక్కుని అడిగింది. పదిహేనేళ్ళ పిల్ల. నేను అంతకి మూడింతల వయసున్నదాన్ని. సిగ్గుగానూ అనిపించింది, గర్వంగానూ అనిపించింది. రెండూ దాచుకోలేక లోపలికి వెళ్ళి కప్పు తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాను. ఏమీ మాట్లాడలేదు. నాకది పెద్ద విశేషమే.

ఎండలో మెరుస్తుంది, దారిలో అందరూ ఆపుతారు, సంచిలో పెట్టిస్తానన్నాను. వద్దంది. సైకిల్ ముందు బుట్టలో నిలబెట్టి, పడకుండా చున్నీ కొసతో కట్టింది.

"కాలవ గట్టు మీద నుంచి వెళ్ళు, దగ్గర" అన్నాను.

"లేదండి. ఊళ్ళోంచి వెళ్తాను. ఆసామి ఇంటి ముందు నుంచి" అని సైకిల్ ఎక్కింది.